పాత ఇంజన్‌లో పేరుకునే మడ్డి

శ్రోతలకు నమస్కారం.

ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న ఒక పాత కారు ఇంజన్ విప్పుతుంటే ఓసారి నేనూ చేయి వేశాను. ఆయిల్ అంతా కార్చేసి సంప్, అంటే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి, ఊడదీశాం. అడుగున వేలు పెట్టి గీస్తే వెన్నలో గీసినట్టు గాడి పడింది. వేలి మందాన మడ్డి. మసి, తేమ, అరిగిన లోహపు రజను ఆయిల్‌తో కలిసి గట్టిపడిన ముద్ద అది. రెండు వేళ్ల మధ్య నలిపితే సన్నటి ఇసుకలా గరగరలాడింది. ఈ రజను బేరింగుల్లోకి, అంటే తిరిగే ఇరుసుల్ని పట్టి ఉంచే భాగాల్లోకి, వెళ్తే ఏమవుతుందో అప్పుడే అర్థమైంది.

తొలినాళ్ల కార్లకు ఆయిల్ ఫిల్టరే లేదు. ఫోర్డ్ మోడల్ టీలో తిరిగే భాగాలే ఆయిల్‌ను లోపలంతా చిమ్మేవి. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్, జార్జ్ గ్రీన్‌హాల్గ్ కలిసి కార్లకు పనికొచ్చే ఫిల్టర్ తయారుచేశారు. దానికి ప్యూరోలేటర్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది వచ్చిన క్రైస్లర్ కారుకు దాన్ని బిగించారు. కానీ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఫిల్టర్ లేని ఇంజన్లు వస్తూనే ఉన్నాయి. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఉండేది తీగ జాలీ ఒక్కటే, ఆయిల్ రెండున్నర లీటర్లు. జాలీ పెద్ద పెద్ద ముక్కల్ని ఆపుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, తిరిగే బేరింగ్‌లో ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లే. అంత సన్నటి రజను జాలీకి చిక్కదు.

ఇంజన్ పక్కన ఫిల్టర్ డబ్బా కనిపించగానే ధైర్యపడిపోకండి. చాలా పాత ఇంజన్లలో ఫిల్టర్ పక్కదారిలో ఉంటుంది. పంపు తోసే ఆయిల్‌లో ఏ పదోవంతో దానిలోంచి వడకట్టుకుని సంప్‌లోకి తిరిగొస్తుంది. మిగతాదంతా వడకట్టకుండానే నేరుగా బేరింగులకు పోతుంది. ఆయిల్ మొత్తం ఫిల్టర్ గుండా వెళ్లే పద్ధతి ఎక్కువ కార్లలోకి వచ్చింది 1950లలోనే. అందులోనూ ఒక వాల్వు ఉంటుంది. ఫిల్టర్ పూడుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా అది తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నే పంపేస్తుంది. బేరింగ్ ఎండిపోవడం కంటే అదే నయం కదా. మీ బండిలో ఆయిల్ ఏ దారిన పోతోందో మాన్యువల్‌లో చూసుకోండి. ఫిల్టర్ లేకపోయినా, పక్కదారి ఫిల్టర్ అయినా, తరచుగా ఆయిల్ మార్చడమే దిక్కు.

ఆయిల్ రకం గురించి మాత్రం వాదనలు ఎక్కువ. డిటర్జెంట్ ఆయిల్ మురికిని తనలోనే తేలేలా పట్టి ఉంచుతుంది. అది లేని ఆయిల్‌లో మురికి అడుగుకు దిగిపోతుంది. ఫిల్టర్ లేని ఇంజన్‌లో డిటర్జెంట్ ఆయిల్ వాడకూడదనే మాట చాలాకాలంగా ఉంది. నా అభిప్రాయం వేరు. ఇంజన్ విప్పి శుభ్రం చేసినదైతే డిటర్జెంట్ ఆయిలే మేలు, ఎందుకంటే మార్చినప్పుడు మురికి కూడా దాంతోపాటే బయటికి పోతుంది. లోపల మడ్డి ఉన్న ఇంజన్‌లో మాత్రం వెంటనే పోయకండి. ముందు సంప్ దింపి కడగండి.

ఆయిల్ మార్చేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి. చల్లారితే మురికి లోపలే ఉండిపోతుంది. బండి ఏడాదంతా ఎక్కువ తిరగకపోయినా ఏటా మార్చాల్సిందే. కాస్త దూరం నడిపి ఆపేసే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరవదు. ఆ తేమకు ఇంధనం మండగా వచ్చే వాయువులు కలిస్తే ఆమ్లాలు పుడతాయి, బేరింగుల్ని తినేస్తాయి. ఇంకో జాగ్రత్త. ఫిల్టర్ మార్చేటప్పుడు దాని పాత రబ్బరు రింగు ఒక్కోసారి గాడిలోనే అంటుకుపోయి ఉంటుంది. చూసుకోకుండా దానిమీదే కొత్తది పెట్టి బిగిస్తే, ఇంజన్ స్టార్ట్ చేయగానే ప్రెషర్‌కు ఆయిల్ బయటికి చిమ్ముతుంది. పాతది సన్నటి సూదితో తీసేయండి.

తీసిన ఫిల్టర్‌ను అలాగే పారేయకండి. పైడబ్బా కోసి, మడతల కాగితం బయటికి లాగి, ఆయిల్ పిండేసి ఎండలో విప్పి చూడండి. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము, ఉక్కు. అంటుకోకుండా బూడిదరంగులో మెరిసేది బేరింగ్ పైపొర కావచ్చు, పిస్టన్ అల్యూమినియం కావచ్చు. రాగి రంగు తళుకులు కనబడ్డాయంటే చాలా బేరింగుల్లో పైనున్న మెత్తటి పొర అరిగి, కింది పొర బయటపడిందని అర్థం. ఆ రోజు బండి స్టార్ట్ చేయకండి. సంప్ దింపి బేరింగ్ మూతలు విప్పి చూడండి.

సెలవు.