అంతోని వారి పండుగ, పిల్లాడి ఎత్తు బియ్యం

గౌరవనీయులైన విచారణ గురువులకు, సిస్టర్లకు, తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఇటలీలోని పాదువాపురి పునీత (సెయింట్) అంతోని వారి పండుగ జూన్ 13న వస్తుంది. మన దగ్గర సరిగ్గా బడులు తెరిచే రోజులు. ఫీజులు, యూనిఫాం కుట్టించడం, బస్సు మాట్లాడుకోవడం, అంతా టెన్షనే. ఇందులో ఇంట్లో పండుగ కూడానా అంటారేమో. నేనైతే ఈ హడావుడిలోనే చేయమంటాను. పిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తూ కూర్చునే రాత్రి కంటే అంతోని వారి కథ చెప్పడానికి మంచి సమయం దొరకదు.

ఆ కథలో పోయింది కూడా పుస్తకమే. తాళంచెవి కనపడకపోతే, బండి కాగితాలు కనపడకపోతే మనం అంతోని వారిని తలుచుకుంటాం. ఎందుకో మాత్రం పిల్లలకు చెప్పం. ఆయన దగ్గర ఒక కీర్తనల గ్రంథం ఉండేది. అచ్చు యంత్రం లేని కాలం, చేత్తో రాసిన ప్రతి. పాఠాలు చెప్పడానికి ఆయన రాసుకున్న నోట్సు కూడా అందులోనే. మఠం వదిలి వెళ్లిపోతున్న ఒక కుర్రాడు దాన్ని పట్టుకుపోయాడు. అంతోని వారు ప్రార్థించారు. కుర్రాడు పుస్తకం తెచ్చిచ్చాడు, తనూ మఠానికి తిరిగొచ్చేశాడు. తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఇది. చాలామంది పుస్తకం దొరకడంతో ఆపేస్తారు. కుర్రాడు తిరిగి రావడం దాకా చెప్పండి. లేదంటే పిల్లల లెక్కలో పునీతుడంటే పోయిన సామాను వెతికిపెట్టే మనిషి, అంతే. తర్వాత, "నీ పెన్సిల్ ఎవరైనా కొట్టేస్తే ఏం చేస్తావు?" అని అడిగి చూడండి. ఆ రాత్రి అట్టలు సగంలోనే ఆగిపోతాయి!

కాస్త పెద్దపిల్లలుంటే ఆయన జీవితం చెప్పండి. పుట్టింది పాదువాలో కాదు, పోర్చుగల్‌లోని లిస్బన్‌లో, 1195లో. అసలు పేరు ఫెర్నాండో. మొరాకోలో విశ్వాసం కోసం ప్రాణాలిచ్చి వేదసాక్షులైన ఐదుగురు ఫ్రాన్సిస్కన్ సభ సన్యాసుల భౌతికకాయాలు 1220లో పోర్చుగల్‌లోని కోయింబ్రాకు వచ్చాయి. అది చూసి ఆయన ఆ సభలో చేరి, తానూ మొరాకో వెళ్లారు. అక్కడ జబ్బుపడ్డారు. తిరిగొస్తుంటే గాలివాన ఓడను సిసిలీ దీవికి నెట్టేసింది. అనుకున్నది ఒక్కటీ జరగలేదు. ర్యాంకు రాలేదని ముఖం వేలాడేసుకున్న పదో తరగతి పిల్లకు ఈ భాగం బాగా ఎక్కుతుంది.

చిన్నవాళ్లకైతే ఇటలీలోని రిమినిలో చేపలకు ప్రసంగించిన కథ చాలు. నిజంగా జరిగిందా అంటే, పెద్దలు అలా చెప్పుకునేవారని చెప్పండి, తడబడక్కర్లేదు. చనిపోయిన 32 ఏళ్లకు సమాధి తెరిస్తే నాలుక చెడకుండా ఉందన్న సంగతి కూడా పిల్లలకు భలే ఇష్టం. పడుకోబోయే ముందు మాత్రం చెప్పకండి.

ఇక అసలు చేయాల్సిన పని. పాదువాలో ఒక పసివాడు నీళ్లలో పడి చనిపోయాడట. బిడ్డ బతికితే వాడి బరువుకు సరితూగే ధాన్యం పేదలకు ఇస్తానని తల్లి అంతోని వారికి మొక్కుకుంది, బిడ్డ లేచాడు. గుళ్లలో అంతోని వారి రొట్టెలు పంచే ఆచారానికి మూలంగా చెప్పే కథల్లో ఇదొకటి. తులాభారం తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

పండుగనాడు మీ పిల్లాణ్ణి కాటా ఎక్కించండి. ఇరవై కిలోలున్నాడనుకుందాం. ఒకేసారి బియ్యం బస్తా కొనకండి. కొంటే అది మీ దానం అవుతుంది, వాడిది కాదు. మన అమ్మమ్మలు ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి గుడికని పక్కన పెట్టేవారు కదా, ఆ పని వాడికి అప్పజెప్పండి. గుప్పెడు 50 గ్రాములనుకుంటే 20 కిలోలకు 400 గుప్పిళ్లు. రోజుకు రెండైతే డిసెంబరు ఆఖరుకు పూర్తవుతుంది. పిల్లల గుప్పిడి చిన్నది, ఇంకొన్నాళ్లు పడుతుంది, పట్టనివ్వండి. మధ్యలో వాడు బరువు పెరుగుతాడు, మళ్లీ తూయమని వాడే గోల చేస్తాడు. పురుగు పట్టకుండా డబ్బాలో నాలుగు వేపాకులు వేయండి, లేదా నెలకోసారి ఇచ్చేస్తూ లెక్క రాసిపెట్టుకోండి.

ఏ రోజైనా మరిచిపోతే మంగళవారం గుర్తుపెట్టుకోమనండి. 1231 జూన్ 13న, శుక్రవారం, ఆయన కన్నుమూశారు. పాదువాలో ఖననం జరిగింది మంగళవారం. ఇప్పటికీ ఆ రోజు ఆయనకు ప్రత్యేకం. ఏడాది తిరక్కుండానే, 1232 మే 30న, పునీతుడిగా ప్రకటించారు.

బియ్యం ఎవరికి ఇవ్వాలో ఫాదర్ గారినో సిస్టర్లనో అడగండి, అవసరం ఎవరికుందో వాళ్లకు తెలుసు. ఇచ్చేటప్పుడు పిల్లాడి చేతే ఇప్పించండి. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టొద్దు, తీసుకునేవాళ్లకూ బడికెళ్లే పిల్లలుంటారు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మీ ఇళ్లలో ఇప్పటికే ఎవరైనా ఇలాంటివి చేస్తుంటే చెప్పండి, వింటాను.