ఒడిబియ్యంలో ఒమాన్ ఎండ

శ్రోతలకు నమస్కారం.

ఒడిబియ్యం పోసే ఇంట్లో ముందురోజు రాత్రి సామాను సరిచూసుకుంటారు. కుడుకలు వచ్చాయా, పసుపు కొమ్ములు వచ్చాయా, వక్కలు వచ్చాయా, ఎండు ఖర్జూరాలు వచ్చాయా అని. కోస్తాలో పెళ్లి సామాను చీటీ రాసినా అందులో ఎండు ఖర్జూరం ఉండి తీరుతుంది. కొబ్బరి కోనసీమది అంటాం. పసుపు నిజామాబాద్‌ది, లేదా దుగ్గిరాలది. వక్కలు కర్ణాటక మలెనాడువి. మరి ఎండు ఖర్జూరం ఎక్కడిది? దాన్ని ఎవరు ఎండబెట్టారు? అసలు ఎలా ఎండింది?

ఈవేళ ఆ కాయ గురించే మాట్లాడుకుందాం. మన అంగళ్లలోకి ఎండు ఖర్జూరం వచ్చే దేశాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒమాన్ ఒకటి. గల్ఫ్ వ్యవసాయమంటే అంకెలు చాలా చెప్పవచ్చు గానీ, నన్నడిగితే ఈ ఒక్క కాయ వెంట వెళ్తే అక్కడి సేద్యం, అక్కడి నీళ్లు, మనకూ వాళ్లకూ ఉన్న వ్యాపారం, మూడూ కనిపిస్తాయి.

ముందుగా ఒక్క మాట. ఎండు ఖర్జూరం చెట్టు మీద ఎండిన కాయ కాదు. మెత్తటి ఖర్జూరాన్ని తెచ్చి ఎండబెట్టిందీ కాదు. అది పచ్చికాయగా ఉండగానే కోసి, ఉడికించి, ఆ తర్వాత ఎండబెట్టిన కాయ. ఈ ఉడికించడమన్న మాట గుర్తుపెట్టుకోండి, కథంతా అక్కడే ఉంది.

ఒమాన్ మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపిన దానికంటే పెద్ద దేశం. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే, అక్కడ సగటున 100 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. బియ్యం, గోధుమలు దాదాపు అన్నీ బయటి నుంచే రావాలి. బియ్యంలో మన దేశానిది పెద్ద వాటా. సొంతంగా సమృద్ధిగా పండేది మాత్రం ఖర్జూరం. ఏటా 3 లక్షల టన్నులకు పైగా. అందులో ఎక్కువ భాగం అక్కడివాళ్లే తింటారు, కొంత పశువుల మేతకు పోతుంది, దేశం దాటేది కొద్ది భాగమే.

ఆ చెట్లకు నీళ్లెక్కడివి? ఫలజ్ నుంచి. కొండ పాదంలో తల్లిబావి తవ్వి, అక్కడి నుంచి భూమి లోపలే సొరంగం లాంటి కాలువ తీసి, చాలా తక్కువ వాలుతో కిలోమీటర్ల దూరం ఊరి దాకా నడిపిస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు. ఇలాంటివీ, ఊటల నుంచీ వాగుల నుంచీ వచ్చే కాలువలూ కలిపి సుమారు 3,000 ఇప్పటికీ పారుతున్నాయి. 2006లో యునెస్కో వీటిలో ఐదింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీటిని కొలిచేది లీటర్లలో కాదు, సమయంలో. అరగంట పారకానికి 'అథర్' అని పేరు. పగలు నీడగడియారం, రాత్రి చుక్కలు చూసి వంతులు మార్చేవారు. ఆ కాలువ లెక్కలు చూసే పెద్దమనిషిని వకీల్ అంటారు. మనకు వకీలంటే కోర్టు, వాళ్లకు వకీలంటే కాలువ. కరువొస్తే ముందు కూరగాయలకూ పశుగ్రాసానికీ నీళ్లు ఆపేస్తారు, ఖర్జూరానికి ఆపరు. కూరగాయలు వచ్చే ఏడాది మళ్లీ వేసుకోవచ్చు. ఖర్జూరం ఎండిపోతే ఒక తరం కష్టం పోయినట్టే.

ఇక మన కాయ దగ్గరికి వద్దాం.

మస్కట్ నుంచి లోపలికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు వెళ్తే షర్కియా ప్రాంతం. ఒక పక్క ఇసుక తిన్నెలు, ఆ అంచునే బిదియా ఊరు. ఇంకాస్త ఇటుగా ఇబ్రా, అల్ ముదైబీ. అటుగా అల్ కామిల్ వల్ వాఫీ. ఈ ఊళ్ల తోటల్లో మబ్‌సలీ అనే రకం ఎక్కువ. ఖర్జూరాన్ని ఉడికించి ఎండబెట్టే పనిని ఒమానీలు 'తబ్సీల్' అంటారు. మబ్‌సలీ, తబ్సీల్, రెండూ ఒకే ధాతువు మాటలు. చెట్టు పేరులోనే దాని పని ఉంది. తయారైన సరుకును 'బుసూర్' అంటారు.

పని చలికాలం చివర్లోనే మొదలవుతుంది. ఖర్జూరంలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. గాలికి వదిలేస్తే కాపు నమ్మకం లేదు. అందుకే ఆడ గెల పొత్తి పగలగానే మగ పూల రెమ్మలు నాలుగైదు తెచ్చి మధ్యలో దూర్చి కడతారు. ఒక్క మగ చెట్టు యాభై ఆడ చెట్లకు సరిపోతుంది. ఈ పని కొద్ది రోజులు ఆలస్యమైతే గింజ లేని బుడ్డ కాయలు వస్తాయి. వాటిని ఉడికించినా ఎండబెట్టినా తోలే మిగులుతుంది.

జూన్ చివరికి, జూలైకి కాయ పసుపు తిరుగుతుంది. బాగా గమనించాల్సిన దశ ఇదే. కాయ నిండుగా, నున్నగా, కొరికితే కరకరమనాలి. ఆకుపచ్చ చాయ మిగిలి ఉంటే ఆగాలి. ఆగకుండా కోస్తే ఎండాక ముడుచుకుపోయి చేదు మిగులుతుంది. అలాగని మరీ ఆగితే కాయ కొన మెత్తబడడం మొదలవుతుంది. ఆ మెత్తటి కాయ ఉడికించే అండాలో కరిగి, నీళ్లను పాకం చేసి, మంచి కాయలకు కూడా బంక పట్టిస్తుంది. అందుకే కోశాక ఇంటిల్లిపాదీ కూర్చుని, మెత్తబడ్డవి, దెబ్బ తగిలినవి, పక్షి పొడిచినవి పక్కన తీసేస్తారు.

చెట్టెక్కడానికి నడుము చుట్టూ వేసుకునే తాడును 'హాబూల్' అంటారు. మన గీత కార్మికుల మోకు లాంటిదే. గెలను కోసి కింద పడేయరు, తాడు కట్టి దింపుతారు. పడేస్తే తగిలిన దెబ్బలన్నీ ఉడికాక నల్ల మచ్చలుగా తేలుతాయి.

తర్వాత పొయ్యి. మట్టితో, రాళ్లతో కట్టిన పెద్ద పొయ్యి మీద రాగి అండాలు. వంట చెరకు ఎండిన ఖర్జూర మట్టలూ, మొద్దులూ. అంటే చెట్టు కాయే ఉడుకుతుంది, చెట్టు మట్టే మండుతుంది. నీళ్లు తెర్లుతున్నప్పుడే కాయ వేయాలి. అండా నిండా ఒక్కసారిగా కుమ్మరిస్తే మరుగు ఆగిపోతుంది, మరుగు ఆగితే కాయ రంగు చెడుతుంది. అందుకే అండాకు పట్టినంత కాకుండా, మంట తట్టుకున్నంతే వేస్తారు. పదిహేను, ఇరవై నిమిషాలు. పసుపు కాస్త ముదిరి, తోలు మీద సన్నని ముడత కనిపించగానే పెద్ద చిల్లుల గరిటెలతో తీసేస్తారు. ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే తోలు చిట్లుతుంది. తక్కువ ఉడికితే గింజ చుట్టూ వగరు మిగిలి, ఎండాక అక్కడే నలుపెక్కుతుంది.

ఇంతకీ ఎందుకు ఉడికించాలి? ఎండ అంత ఉన్నప్పుడు నేరుగా ఎండబెడితే సరిపోదా? సరిపోదు. రెండు కారణాలు. పచ్చికాయలో వగరు ఉంటుంది, వేడి తగిలితే ఆ వగరు పదార్థం గడ్డకట్టి నాలుకకు తెలియకుండా పోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఈ దశలో మబ్‌సలీ కాయలో ఉండేది ఎక్కువగా మనం వాడే పంచదార లాంటి చక్కెరే. కాయను అలాగే వదిలేస్తే లోపలి ఎంజైము ఆ చక్కెరను గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. అప్పుడు కాయ మెత్తబడి, తేమ పట్టి, మామూలు ఖర్జూరం అవుతుంది. ఉడికిస్తే ఎంజైము పని ఆగిపోతుంది. చక్కెర చక్కెరగానే ఉండి, ఎండేకొద్దీ గట్టిపడుతుంది. గులాబ్ జామ్ పాకంలో నిమ్మరసం ఎందుకు పిండుతాం? పాకం గడ్డకట్టకూడదని, పులుపు పంచదారను విడగొడుతుందని. తబ్సీల్ దానికి సరిగ్గా తిరగేసిన పని. గడ్డకట్టాలని, విడిపోకూడదని ఉడికిస్తారు. ఈ రసాయన శాస్త్రం ఎవరూ చెప్పకుండానే ఆ ఊళ్లవాళ్లు కాయ కొరికి, మంట చూసి కనిపెట్టారంటే నాకెప్పుడూ ఆశ్చర్యమే.

ఉడికిన కాయను ఆరుబయట పరుస్తారు. మన ఖమ్మం, గుంటూరు మిర్చి కల్లాలు తలుచుకోండి. ఇక్కడ కనుచూపు మేర ఎరుపు, అక్కడ కనుచూపు మేర పసుపు. ఒక్క వరుసగానే పరవాలి. కుప్పగా పోస్తే లోపల ఆవిరి పట్టి పులిసిపోతుంది. రోజూ తిరగేయాలి. ఐదు నుంచి పది రోజులు పడుతుంది. జూలై ఎండ 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఎండకు లోటుండదు, భయమల్లా మబ్బుకే. కొండల మీద సాయంత్రం మబ్బు కమ్మి నాలుగు చినుకులు పడ్డాయా, కల్లంలో కాయకు బూజు పట్టినట్టే. చివరికి రెండు కాయలు ఒకదానికొకటి తాకిస్తే టకటకమనాలి. అప్పుడు గోనెలకెత్తుతారు. అప్పటికి బరువు సగానికి పైగా తగ్గిపోతుంది.

మరి ఈ సరుకంతా ఎవరికోసం? ఇక్కడే అసలు విషయం. ఒమానీలు ఇష్టంగా తినేది ఖలాస్, ఫర్ద్, ఖునైజీ లాంటి రకాలు, అవీ మెత్తగా పండాక. బుసూర్‌ను వాళ్లు తినేది తక్కువ. వాళ్లు దాన్ని చేసేది ప్రధానంగా మన దేశం కోసం. పూర్వం సూర్ రేవు నుంచి పడవల్లో బస్తాలు బొంబాయికీ, కచ్ఛ్‌కూ వచ్చేవి. అవే పడవలు తిరిగి వెళ్తూ బియ్యం, బట్టలు, పడవలు కట్టుకోవడానికి మలబారు టేకు పట్టుకెళ్లేవి. మస్కట్‌లో స్థిరపడిన కచ్ఛ్ భాటియా వర్తకులు ఈ వ్యాపారం నడిపినవాళ్లలో ముఖ్యులు. తర్వాతి కాలంలో అక్కడి వాణిజ్య శాఖే రైతుల దగ్గర బుసూర్ కొని మన దేశానికి పంపే ఏర్పాటు చేసింది.

ఒక ఊరు, ఒక రకం చెట్టు, ఒకే ఒక్క పెద్ద కొనుగోలుదారు. దీంట్లో బలం ఉంది, ప్రమాదమూ ఉంది. మన దగ్గర ధర పడిపోతే అక్కడ అండా కింద మంట ఆగిపోతుంది. కుర్రకారు మస్కట్ ఉద్యోగాలకు వెళ్లిపోయారు. మండుటెండలో పొయ్యి ముందు నిలబడేవాళ్లు తగ్గిపోయారు. తబ్సీల్ ఆగిపోతే మబ్‌సలీ చెట్టుకు విలువ తగ్గుతుంది, ఆ చోట ఖలాస్ మొక్క లేస్తుంది. దానికి తోడు ఎర్రముక్కు పురుగు. కోనసీమ కొబ్బరి రైతుకు దాని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మన దక్షిణాసియా పురుగే. 1980లలో గల్ఫ్ చేరింది, 1993లో ఒమాన్‌లో కనిపించింది. కాండం లోపల తొలిచేస్తుంది, బయటికి తెలిసేసరికి చెట్టు చేయి దాటిపోతుంది.

ఇంకోవైపు తలుపు కూడా తెరుచుకుంది. మనకు ఎండు ఖర్జూరం చాలా ఏళ్లు పాకిస్తాన్‌లోని సింధ్ నుంచి వచ్చేది. 2019 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం ఆ దేశపు సరుకుల మీద సుంకాన్ని 200 శాతానికి పెంచింది. 2025 మేలో మరో దేశం మీదుగా వచ్చేదాన్ని కూడా కలిపి దిగుమతినే పూర్తిగా ఆపేసింది. ఆ ఖాళీ పూరించే అవకాశం ఒమాన్‌కు ఉంది. అయితే గోనెల్లో గుత్తగా పంపుతూ ఉంటే ఆ లాభం మధ్యవాళ్లదే అవుతుందని నా అభిప్రాయం. ఏ ఊరి సరుకు, ఏ ఏటి పంట అని రాసిన అరకిలో పొట్లం మన అంగడికి రావాలి. బిదియా పేరు చూసి కొనే రోజు రావాలి.

సమయం దగ్గర పడుతోంది. కొనేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను.

ఎండు ఖర్జూరం కొనేటప్పుడు ముచ్చిక దగ్గర చూడండి. పురుగు దూరేది అక్కడినుంచే. సన్నని రంధ్రం ఉన్నా, పిండి లాంటి పొడి రాలినా తీసుకోకండి. కాయ లేత గోధుమ రంగులో, ముడతలు పడి, చేతికి అంటకుండా ఉండాలి. అంటుకుంటే తేమ తాకిన సరుకు. ఇంటికి తెచ్చాక గాలి చొరని సంచిలో పెట్టి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచండి, కంటికి కనపడని గుడ్లు ఉంటే చస్తాయి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి. చల్లదనం పోయేదాకా ఆగండి. లేకపోతే కాయ మీద చెమ్మ పడుతుంది. తర్వాత గాజు సీసాలో పోసి మూత బిగించాలి, వానాకాలంలో మరీ ముఖ్యం.

పొడి చేసుకునేవాళ్లు కాయను అలాగే మిక్సీలో వేయకండి, బ్లేడు విరుగుతుంది. అడకత్తెరతో ముక్కలు చేసి, గింజ తీసేసి, ఒక రోజు ఎండలో పెట్టి, ఆరాక వేయండి. నానబెట్టుకునేవాళ్లు కాయలు కడిగి, మునిగేటన్ని నీళ్లే పోసి రాత్రంతా ఉంచండి. ఎక్కువ పోస్తే తీపంతా నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు మాత్రం పారబోయకండి, పొద్దున్నే పాలలో కలుపుకోండి.

నమస్కారం.