బోల్టు మీద పసుపు గీత

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ఫోన్ చేసినప్పుడు మీ కెప్టెన్ నాతో అన్న మాట, "అన్నా, ఇంకో మూడు వారాల్లో మా రేసు బండితో కాలేజీల పోటీకి కోయంబత్తూరు వెళ్తున్నాం, వచ్చి కాస్త మోటివేషన్ ఇవ్వు" అని. అది నా దగ్గర లేదు తమ్ముడూ. ఇందాక వర్క్‌షాప్ పక్క నుంచి వస్తూ చూశాను, మీ బండి ఇంకా స్టాండు మీదే ఉంది, వెనక చక్రం ఒకటి ఊడదీసి గోడకి ఆనించారు, ఇద్దరు దాని చుట్టూ నిలబడి వింగ్ గురించి, అంటే గాలితో బండిని నేలకి నొక్కి ఉంచే రెక్క గురించి, గొడవ పడుతున్నారు. మూడు వారాల ముందు వింగ్ గురించి గొడవ ఏంటి? అందుకని, రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టేసి, రేసు దగ్గర పడ్డాక టీములు అసలు ఏం చేస్తాయో చెప్తాను.

మన హైదరాబాద్ రేసుతోనే మొదలుపెడదాం. 2023 ఫిబ్రవరి 11, శనివారం, హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఇ, అంటే కరెంటు బండ్ల రేసు. మీలో చాలామంది అప్పుడు ఇంటర్‌లోనో టెన్త్‌లోనో ఉండుంటారు. ఆ వారం సిటీలో ఉన్నవాళ్లకి రేసు కన్నా ట్రాఫిక్కే ఎక్కువ గుర్తుంటుంది, ఖైరతాబాద్ వైపు వెళ్లాల్సినవాళ్లు తిట్టిన తిట్లు నాకింకా గుర్తే, వాళ్ల కోపంలోనూ న్యాయం ఉంది. కానీ ఇంజినీరు కళ్లతో చూస్తే అదొక విచిత్రమైన పరీక్ష. 11 టీములు, 22 బండ్లు, 2.8 కిలోమీటర్లు దాటి కాస్త పొడవున్న ట్రాక్, 18 మలుపులు, ఆ ట్రాక్ మీద వాళ్లలో ఒక్కరు కూడా ఎప్పుడూ ఫార్ములా ఇ బండి నడపలేదు. ఎలా నడుపుతారు, మొన్నటిదాకా అక్కడ బస్సులూ ఆటోలూ తిరిగాయి కదా! ఎన్టీఆర్ మార్గ్ అంటే మనకి సాయంత్రం మిర్చి బజ్జీలు తినే చోటు. వాళ్లకది కంప్యూటర్‌లో ఒక గీత.

రేసు ముందు వాళ్లకి దొరికిన ప్రాక్టీస్ ఎంతో తెలుసా? శుక్రవారం ఒక అరగంట, శనివారం పొద్దున ఇంకో అరగంట, అంతే, ఆ తర్వాత రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్, మధ్యాహ్నం రేసు. అంటే ఆ గంటలో నేర్చుకోవాల్సింది ఎంత తక్కువుంటే అంత మంచిది, మిగతాదంతా ముందే తెలిసుండాలి. అందుకే సిమ్యులేటర్, అంటే కంప్యూటర్ తెర మీద ట్రాక్ చూపించే గది. డ్రైవర్ ఆ గదిలో కూర్చుని, ఇంకా అడుగు పెట్టని రోడ్డు మీద వందల ల్యాపులు తిరుగుతాడు. కంప్యూటర్‌కి మలుపు ఎంత వంకరో తెలుస్తుంది, గోడ ఎక్కడుందో తెలుస్తుంది, కానీ కొత్తగా వేసిన తారు ఎంత జారుతుందో, దాని మీద ఎంత దుమ్ము పడిందో, మ్యాన్‌హోల్ దగ్గర రోడ్డు ఎంత లేచిందో సరిగ్గా చెప్పలేదు. కాబట్టి మంచి టీము సిమ్యులేటర్ నుంచి ఒక్క జవాబుతో రాదు. "గ్రిప్ ఇంత ఉంటే ఇది, ఇంతకన్నా తక్కువుంటే అది" అని బండిని అమర్చే రెండు మూడు పద్ధతులు, అదే సెటప్పులు, జేబులో పెట్టుకుని వస్తుంది, ఆ అరగంటలో ఏది నిజమో చూసుకుంటుంది.

ఇంకొకటి కరెంటు లెక్క. అందరూ మొదటి నుంచీ చివరి దాకా యాక్సిలరేటర్ తొక్కేస్తే బ్యాటరీ రేసు పూర్తి కాకముందే అయిపోతుంది, నియమాలే అలా పెట్టారు. ఆ ఏడాదే జెన్3, అంటే మూడో తరం బండి వచ్చింది, డ్రైవర్‌తో కలిపి 840 కిలోలు, రేసులో 300 కిలోవాట్లు, క్వాలిఫయింగ్‌లో 350. వెనక చక్రాలకి మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు, మోటారే తిరగబడి బండిని ఆపుతుంది, ఆపుతూ బ్యాటరీ నింపుతుంది. రేసులో వాడే కరెంటులో దాదాపు 40 శాతం అలా బ్రేకింగ్‌లో తిరిగొచ్చిందే. కాబట్టి ఏ మలుపు ముందు ఎన్ని మీటర్ల దూరంలో కాలు ఎత్తెయ్యాలి, ఎక్కడ ఎంత దాచుకోవాలి అనేది ల్యాపు ల్యాపుకీ లెక్క కట్టుకుని వస్తారు. నెలాఖరు దాకా జీతం సాగదీసే అమ్మలకి ఈ లెక్క చెబితే ఇట్టే పట్టేస్తారు.

ఆ రోజు గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్. చివరి ల్యాపుల్లో వెనక నిక్ కాసిడీ అంటుకుని వస్తున్నాడు, పైగా కాసిడీ బ్యాటరీలో ఎక్కువ మిగిలుంది. అయినా వెర్న్ దారివ్వలేదు, ఉన్న కాస్త చార్జ్‌నీ గీత వరకూ లాక్కొచ్చాడు. మూడోవాడిగా గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీకి మాత్రం ఆ సంతోషం నిలవలేదు, అనుమతించిన దానికన్నా ఎక్కువ పవర్ వాడినట్టు తేలి పెనాల్టీ పడింది, పోడియం మీద ఆ మూడో చోటు ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకి పోయింది. చూడండి, అంత నడిపి, ఒక కొలత గీత దాటినందుకు చేతిదాకా వచ్చింది పోయింది. ఇక జాగ్వార్ టీము సంగతి. పోల్, అంటే రేసులో అందరికన్నా ముందు నిలబడే చోటు, వాళ్ల మిచ్ ఎవాన్స్‌దే, బండి అంత వేగంగా ఉంది, కానీ హెయిర్‌పిన్ మలుపు దగ్గర సొంత టీము బండే, సామ్ బర్డ్ నడుపుతున్నది, వచ్చి గుద్దింది. దానికి ఏ సిమ్యులేటర్ ఏం చేస్తుంది చెప్పండి.

మహీంద్రా గురించి అడుగుతారని తెలుసు. సొంత దేశంలో రేసు, ఆలివర్ రోలండ్ ఆరో స్థానం తెచ్చాడు, జనం బాగానే అరిచారు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది మాత్రం అక్కడ కాదు, సరిగ్గా రెండు వారాల తర్వాత కేప్ టౌన్‌లో. వెనక సస్పెన్షన్ భాగం మీద అనుమానం వచ్చింది, భద్రత విషయం, అంతే, రెండు బండ్లనీ రేసు నుంచి తప్పించారు. వాళ్ల దగ్గర పవర్‌ట్రెయిన్, అంటే మోటారూ దాని సరంజామా, కొనుక్కున్న ఆబ్ట్ టీము కూడా ఆగిపోయింది. అన్ని వేల కిలోమీటర్లు సామాను మోసుకెళ్లి, కెమెరాల ముందు "మేం నడపం" అనడం ఎంత కష్టమో ఒక్కసారి ఊహించుకోండి. మీ టీములో ఆ మాట ఎవరు అంటారో ఇప్పుడే తేల్చుకోండి, ట్రాక్ దగ్గర తేల్చుకుందాం అనుకుంటే ఎవరూ అనరు.

ఇప్పుడు మా కథ. నవ్వకూడదు.

నేను చదివేటప్పుడు మా టీము కూడా ఇలాగే ఫార్ములా స్టూడెంట్ బండి, అంటే విద్యార్థులే తయారుచేసే చిన్న రేసు బండి, కట్టింది. జనవరిలో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో పోటీ కాబట్టి సంక్రాంతికి ఎవరం ఇళ్లకి వెళ్లలేదు, అమ్మలు పంపిన అరిసెలు గ్రీజు చేతులతోనే తిన్నాం. బండి లారీలో, మేం శబరి ఎక్స్‌ప్రెస్‌లో. బండి బాగుంది, నిజంగా బాగుంది. బయల్దేరే ముందు రాత్రి పదకొండుకి ఒకడికి (ఆ ఒకడు నేనే) బ్రేకు పెడల్ కొంచెం మెత్తగా అనిపించింది, ముందు వెనక బ్రేకుల పాళ్లు మారిస్తే బాగుంటుందనిపించింది. మార్చాను. టెస్ట్ చేయడానికి టైం లేదు, లారీ బయట హారన్ కొడుతోంది.

మీకు తెలుసు కదా, బ్రేక్ టెస్టులో నాలుగు చక్రాలూ ఒకేసారి లాక్ అవ్వాలి, అది పాసైతే గానీ ట్రాక్ మీదకి రానివ్వరు. మా ముందు చక్రాలు లాక్ అయ్యాయి, వెనకవి హాయిగా తిరుగుతూనే ఉన్నాయి. మళ్లీ, మళ్లీ, నాలుగుసార్లు. సరే బ్రేక్ లైన్ విప్పి బ్లీడ్ చేద్దాం, అంటే లోపలి గాలి తీసేద్దాం అని కూర్చుంటే, బ్రేక్ ఆయిల్ డబ్బా ఏది? సామాను మొత్తం వెతికాం. మూడు రకాల స్టిక్కర్లు ఉన్నాయి, టీము జెండా ఉంది, స్పీకర్ ఉంది, వంద రూపాయల డబ్బా లేదు. ఆదివారం పొద్దున్నే, తమిళం రాని ఇద్దరం ఆటో ఎక్కి కోయంబత్తూరులో తెరిచున్న స్పేర్ పార్ట్స్ షాపు కోసం తిరిగాం. దొరికింది. వెనక్కి వచ్చి బ్లీడ్ చేసి టెస్ట్ పాసయ్యేసరికి 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగుకి లైన్ మూసేశారు. ఏడాది కష్టం, ఒక్క కిలోమీటర్ కూడా నడపకుండా ఇంటికి. రైల్లో వస్తూ ఎవరూ నన్ను ఏమీ అనలేదు, తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి నాకు వేగం గురించి పెద్దగా ఆసక్తి పోయింది, బోల్టుల మీద పెరిగింది. ఇదిగో, ఇందాక మీ బండి ముందు చక్రం దగ్గర ఫోటో తీశాను, చూడండి. ఈ బోల్టు మీద పసుపు పెయింట్‌తో సన్నగా గీత గీసుంది, గీత నట్టు మీద మొదలై పక్కన ఉన్న లోహం మీదకి వెళ్లింది. ఎవరు గీశారో గానీ వాళ్లకి దండం పెట్టాలి. టార్క్ రెంచ్, అంటే సరైన బిగువు రాగానే చప్పుడు చేసే పానా, టక్కుమన్నాక గీసే గీత ఇది. నట్టు వెంట్రుక వాసి కదిలినా గీత విరిగి కనిపిస్తుంది, పానా పట్టుకోనక్కర్లేదు, టార్చి లైటు చాలు. ఇప్పుడు పక్క ఫోటో, వెనక వైపు. అక్కడ గీత లేదు. ఇంకా దగ్గరగా చూడండి, నట్టు బయటికి మర కనీసం రెండు చుట్లు రావాలి, ఒక్కటే వచ్చింది. అంటే బోల్టు పొట్టిది. ఎవరో డబ్బాలో దొరికింది బిగించేశారు. ఇన్‌స్పెక్షన్‌లో మొదట పట్టుకునేది ఇదే.

పెద్ద టీములేమీ దీనికి అతీతం కాదు. 2023లో ఖతర్‌లో ఫార్ములా 1 టీము మెక్‌లారెన్ 1.80 సెకన్లలో నాలుగు టైర్లు మార్చిందంటే, అందరూ చేతుల వేగం గురించి మాట్లాడతారు. నేనైతే ఆ నట్టు, ఆ గన్ను, ఆ జాకీ ఎన్ని వందలసార్లు అదే చోట, అదే మనిషి చేతిలో ఉండుంటాయో అని ఆలోచిస్తాను. ఫార్ములా 1లో క్వాలిఫయింగ్ మొదలయ్యాక సెటప్ దాదాపు ముట్టుకోనివ్వరు, పార్క్ ఫెర్మే అంటారు. మీకు ఆ నియమం లేదు, అదే మీ ఖర్మ. మీకు మీరే పెట్టుకోండి. లారీ ఎక్కడానికి వారం ముందు నుంచి కొత్త ఆలోచన ఎవరికొచ్చినా కాగితం మీద రాసి గోడకి అంటించాలి, బండికి అంటించకూడదు. ఆ వారం బండి నడవాలి, ఊరికే నడవాలి, వానొచ్చినా నడవాలి, డ్రైవర్ ఐదు సెకన్లలోపు బయటికి దూకడం విసుగొచ్చేదాకా చేయాలి, సామాను ఒకసారి లారీలోకి ఎక్కించి మళ్లీ దింపాలి. అవును, ఊరికే, ఎక్కించి దింపాలి. ఏది లేదో అప్పుడే తెలుస్తుంది.

చెల్లెమ్మా, ఆ చివర చెయ్యెత్తావు, నీ ప్రశ్న వింటాను, ఒక్క నిమిషం. వింగ్ గురించే అయితే మాత్రం రేసు అయ్యాక ఫోన్ చెయ్యి. ముందు అందరం కిందికి వెళ్దాం. టార్చి ఎవరి దగ్గరుంది? ఆ పొట్టి బోల్టు మారుద్దాం, పసుపు పెయింట్ పట్టుకురండి, ఆ తర్వాత సామాను పెట్టె తెరవండి, బ్రేక్ ఆయిల్ డబ్బా నా కళ్లతో చూస్తే గానీ నేను ఇంటికెళ్లను.