వేదిక మీద వెలిగిన ఒక్క మాట

[తెర మీద: చీకటి వేదిక. వెనక తెల్లగా వెలిగే అక్షరాలు.]

2014 ఆగస్టు 24. అమెరికాలో ఎంటీవీ వీడియో మ్యూజిక్ అవార్డుల వేడుక. గాయని బియాన్సే వెనక నిలువెత్తు అక్షరాల్లో ఒకే మాట వెలిగింది: ఫెమినిస్ట్. ఆ వెలుగు ముందు ఆమె నీడలా నిలబడ్డారు.

అప్పట్లో ఆ మాటంటే చాలామంది స్టార్లకు టెన్షన్. అదే ఏడాది నటి షైలీన్ వుడ్లీని "మీరు ఫెమినిస్టా?" అని అడిగితే, కాదు, నాకు మగవాళ్లంటే ఇష్టం అన్నారు. ఇలాంటి జవాబు మన ఇంటర్వ్యూల్లోనూ వినే ఉంటారు. ఫెమినిజమంటే మగవాళ్ల మీద ద్వేషం అనే అపోహ అంతగా పాతుకుపోయింది. బియాన్సే వేదికెక్కి నెల తిరక్కుండానే నటి ఎమ్మా వాట్సన్ ఐక్యరాజ్యసమితిలో ఆ అపోహ గురించే మాట్లాడారు.

అందుకే బియాన్సే చేసింది చిన్న పని కాదని నా నమ్మకం. ఆ మాటను ఇంటింటి టీవీలోకీ తెచ్చారు.

[తెర మీద: మైకు ముందు అడిచీ.]

అయితే ఆ వేదిక మీద బియాన్సే పాడిన 'ఫ్లాలెస్' పాటలో ఫెమినిస్ట్ నిర్వచనం చదివే గొంతు నైజీరియా రచయిత్రి చిమమాండా అడిచీది. 2012లో లండన్‌లో ఇచ్చిన ప్రసంగంలోంచి తీసుకున్నారు. సామాజికంగా, రాజకీయంగా, ఆర్థికంగా స్త్రీపురుషులు సమానమని నమ్మే మనిషి ఫెమినిస్ట్. ఇంతే. తర్వాత 2016లో అడిచీయే, బియాన్సే ఫెమినిజం తన ఫెమినిజం ఒకటి కాదని చెప్పారు. అందులో మగవాళ్లకు చోటు ఎక్కువైందని ఆమె అభ్యంతరం. ఆ ప్రసంగం పేరునే, 'వీ షుడ్ ఆల్ బీ ఫెమినిస్ట్స్' అని, టీషర్టు మీద అచ్చేసి ఫ్యాషన్ కంపెనీ డియోర్ 710 డాలర్లకు అమ్మింది. ఆర్థిక సమానత్వం గురించిన మాట, మామూలు ఉద్యోగం చేసుకునే అమ్మాయి కొనలేని బట్ట మీదికెక్కింది. నాకు మనసు చివుక్కుమనేది ఇక్కడే.

పాటలోకి రాని ఒక సంఘటన ఆ ప్రసంగంలో ఉంది. నైజీరియాలోని లాగోస్‌లో ఒక రాత్రి, కారు పార్క్ చేయడానికి సాయం చేసిన కుర్రాడికి అడిచీ తన బ్యాగులోంచి, తను సంపాదించిన డబ్బు తీసి ఇచ్చారు. అతను సంతోషంగా తీసుకుని, పక్కనున్న ఆమె స్నేహితుడి వైపు తిరిగి "థాంక్యూ సార్" అన్నాడు. స్నేహితుడికి అర్థం కాలేదు. ఇచ్చింది నేను కాదు కదా, నాకెందుకు చెబుతున్నాడు అని అడిగాడు. ఆమె దగ్గరున్న డబ్బు ఎలాగూ ఆ స్నేహితుడిదే అయ్యుంటుందని ఆ కుర్రాడు అనుకున్నాడు.