రిపోర్టులో ఆ ఒక్క అంకె

అందరికీ నమస్కారం. పొద్దున్నే వాకింగ్ ముగించుకుని, టిఫిన్ కూడా చేయకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. రిటైరైనవాళ్లకు గుండె గురించి చెప్పమని నన్ను పిలిచారు. గుండె గురించి తిరుపతిలో మీరు వినని ప్రసంగం ఉండదు. నేను గుండెలోంచి బయల్దేరే గొట్టం గురించి మాట్లాడతాను.

దాని పేరు బృహద్ధమని. మేం అయోర్టా అంటాం. గుండె నుంచి పైకి లేచి, చేతికర్ర పిడిలా వంగి, వెన్నెముకను ఆనుకుని దిగి, బొడ్డు దగ్గర రెండుగా చీలుతుంది. కడుపులో దాని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. గోడ బలహీనపడినచోట పాత సైకిల్ ట్యూబులా ఉబ్బుతుంది. 3 సెంటీమీటర్లకు చేరితే అన్యూరిజం అంటాం.

మనవళ్లకు బుడగలు ఊదిపెట్టే ఉంటారు కదా? మొదట బుగ్గలు నొప్పెడతాయి. కాస్త ఉబ్బాక సులువుగా పెరుగుతుంది. ఇదీ అంతే. బీపీ మారకపోయినా, గొట్టం వెడల్పయ్యేకొద్దీ గోడ మీద లాగుడు ఎక్కువవుతుంది. పగిలితే నూటికి 80 మంది దాకా బతకరు. అందులో చాలామంది ఆస్పత్రి గడప కూడా తొక్కరు. చాలామందిలో పగిలేదాకా నొప్పి ఉండకపోవడమే దీనితో చిక్కు.

చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. లారీ డ్రైవరుగా చేసి మానేశాడు, నలభై ఏళ్లు బీడీలు కాల్చాడు. నడుముకు ఎడమపక్క నొప్పి. కిడ్నీలో రాయి అనుకుని పది రోజులు అరటి దవ్వ రసం తాగాడు. కడుపు మీద చెయ్యి వేస్తే బొడ్డు పైన గుండెలా కొట్టుకుంటోంది. రక్తనాళాలను చూపే సీటీ యాంజియో స్కాన్‌లో 6.1 సెంటీమీటర్లు. ఆయన తెచ్చిన ప్లాస్టిక్ కవరులో నాలుగేళ్ల నాటి స్కాన్ రిపోర్టు ఒకటి దొరికింది. చివరి వరుసలో, ఇంగ్లీషులో, 4.4 అని ఉంది. దాని గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ‘రాయి లేదన్నారు సార్, సంతోషంగా ఇంటికి పోయినాను’ అన్నాడు. ఆ సెంటర్ ఎక్కడిదో ఇక్కడ చెప్పను. కానీ ఆ వరుస రాసినవాళ్లూ, చదవాల్సినవాళ్లూ నాలాంటి డాక్టర్లే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకే మీ ఇళ్లలో ఉన్న పాత రిపోర్టులు తీసి చూడండి. అయోర్టా పక్కన అంకె ఉందేమో వెతకండి. 3 నుంచి 3.9 అయితే మూడేళ్లకోసారి, 4 దాటితే ఏడాదికోసారి, 5 దాటితే ఆరు నెలలకోసారి స్కాన్ చేస్తాం. మగవాళ్లకు 5.5, ఆడవాళ్లకు 5 దగ్గర ఆపరేషన్ మాట ఎత్తుతాం. ఆరు నెలల్లో అర సెంటీమీటరు పెరిగినా, నొప్పి మొదలైనా ఆ అంకెల కోసం ఆగం.

65 దాటి, ఎప్పుడో ఒకప్పుడు పొగతాగిన మగవాళ్లు ఒక్కసారి కడుపు అల్ట్రాసౌండ్ చేయించుకుంటే చాలు. పరగడుపున వెళ్లండి, గ్యాస్ అడ్డు రాదు. పొగాకు తర్వాత కారణాలు వయసు, బీపీ, కుటుంబంలో ఉండటం. షుగర్ ఉన్నవాళ్లలో ఇది కాస్త తక్కువ. షుగరుకు సంతోషించాల్సిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే!

ఐన్‌స్టీన్‌కు ఈ జబ్బే. 1948లో డాక్టర్ నిస్సెన్ ఆయన కడుపు కోసి, ఉబ్బు చుట్టూ సెలోఫేన్ కాగితం చుట్టాడు. అది ఒరుసుకుని చుట్టూ గట్టి పొర కడుతుందని ఆశ. ఆరేళ్లకు పైగా ఆగింది. 1955 ఏప్రిల్‌లో పగిలింది. మళ్లీ ఆపరేషన్ వద్దన్నాడు, పోయాడు. అప్పటికే డీబేకీ అనే సర్జన్ అమెరికాలో భార్య కుట్టుమిషన్ మీద డాక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డతో గొట్టాలు కుడుతున్నాడు. ఇప్పటికీ పొట్ట కోసి చేసే ఆపరేషన్‌లో అలాంటి గొట్టమే వేస్తాం. 1990లో అర్జెంటీనాలో పరోడి గజ్జల్లోని రక్తనాళం గుండా స్టెంట్ గ్రాఫ్ట్, అంటే లోహపు జాలీ ఉన్న గుడ్డ గొట్టం, పంపి అమర్చాడు. మన పెద్దాయనకూ అదే చేశాం. నాలుగో రోజు ఇంటికి వెళ్లాడు. అయితే ఈ పద్ధతిలో స్టెంట్ పక్కనుంచి రక్తం కారుతోందేమో జీవితాంతం స్కాన్లతో చూసుకోవాలి. పేషంట్లు మరిచిపోయేది దీన్నే.

మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్స్ కొనే అలవాటున్నవాళ్లకు ఒక మాట. అన్యూరిజం ఉంటే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి, వేరే దారి ఉన్నంతవరకు వద్దని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మూత్రంలో మంటకు ఇచ్చేది చాలాసార్లు అవే. డాక్టరుకు ముందే చెప్పండి.

అందరూ అడిగే ప్రశ్న: అలిపిరి మెట్లు ఎక్కవచ్చా? ఉబ్బు చిన్నదై, బీపీ అదుపులో ఉంటే, డాక్టరును అడిగి, ఆగి ఆగి ఎక్కవచ్చు. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చినవాళ్లు మాత్రం బస్సెక్కండి. 3550 మెట్లు ఎక్కడికీ పోవు.

పెద్దాయన చెకప్‌కు వచ్చినప్పుడు అన్నగారిని కూడా వెంటబెట్టుకు రమ్మన్నాను. ‘నాకేం జబ్బు లేదు’ అని గొణుగుతూనే పడుకున్నాడు. 3.4 వచ్చింది. ఆ అంకెను తెలుగులో రాసి చేతికిచ్చి, మూడేళ్లకు మళ్లీ రమ్మన్నాం. బీడీ కట్ట నా టేబుల్ మీదే వదిలేసి వెళ్లాడు.