పెరటి మొక్క దగ్గర కాసేపు ఆగితే

అందరికీ నమస్కారం.

పెరట్లో జీవశాస్త్రం వెతకమనగానే పిల్లలు ఒక పట్టిక పట్టుకుని బయల్దేరతారు. పరాగ సంపర్కానికి సీతాకోకచిలుక ఫోటో, పరభక్షణకు సాలెగూడు ఫోటో, అనుకూలనానికి ముళ్ల మొక్క ఫోటో. అరగంటలో పట్టిక నిండిపోతుంది. కానీ ఆ సీతాకోకచిలుక పువ్వుకు పుప్పొడి అంటించిందో, మకరందం తాగి ఊరికే వెళ్లిపోయిందో ఫోటో చెప్పదు. పిల్లల్నీ, వాళ్లకు పాఠం చెప్పేవాళ్లనీ నేను అడిగేది ఒక్కటే. ఏ భావన పేరు రాసినా, "ఇది అదేనని నీకెలా తెలుసు?" అన్న ప్రశ్నకు మీ కళ్లతో చూసిన ఆధారం పక్కనే రాయండి.

ముల్లుతో మొదలుపెడదాం. గులాబీకీ ముళ్లుంటాయి, కాగితం పూల తీగకీ ఉంటాయి. గుచ్చుకోవడంలో రెండింటికీ తేడా లేదు. గులాబీ ముల్లును జాగ్రత్తగా పక్కకు నొక్కి చూడండి, పుటుక్కున ఊడి వస్తుంది, కింద చిన్న మచ్చ మిగులుతుంది. అది కాండం పైపొరల నుంచి పెరిగింది. అందుకే కొమ్మ మీద ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. కాగితం పూల ముల్లు అంత తేలిగ్గా రాదు. అది ఎక్కడుందో చూడండి. ఆకు తొడిమ కాండంతో కలిసే మూలలో ఉంటుంది. మామూలుగా మొగ్గ వేసి కొత్త కొమ్మ రావలసిన చోటు అది. అంటే ఆ ముల్లు రూపం మారిన కొమ్మ. తీగ పొడవునా వెతికితే అలాంటి మూలల్లోనే ఒకచోట ముల్లు, ఇంకోచోట పూలగుత్తి దొరుకుతాయి.

ఇప్పుడు పాఠ్యపుస్తకం మాటలు వాడొచ్చు. గులాబీ ముల్లు, కాగితం పూల ముల్లు చేసే పని ఒకటే, పుట్టుక వేరు. కాబట్టి అవి క్రియాసామ్య అవయవాలు. కాగితం పూల ముల్లు, పూలగుత్తి పనిలో వేరు, పుట్టుక ఒకటే. అవి నిర్మాణసామ్య అవయవాలు. ఈ భావనకు గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు బొమ్మలు చూపించి ఊరుకుంటాం. చేత్తో పట్టుకుని తేల్చుకోగల ఉదాహరణ గోడ పక్కనే ఉంది. ఆ పూలగుత్తిలో రంగురంగుల రేకులనుకునేవి కూడా ఆకులే. వాటి ఈనెలు చూస్తే తెలుస్తుంది. అసలు పువ్వు మధ్యలో సన్నటి గొట్టంలా ఉంటుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు, పేనుబంక (మొక్కల రసం పీల్చే చిన్న పురుగులు) పట్టిన మందార చిగురు. చీదరగా ఉందని చాలామంది తుంచి పారేస్తారు. పారేసే ముందు భూతద్దం పెట్టి ఒక్క పావుగంట చూడండి. పెద్ద పురుగు వెనుక భాగం నుంచి చిన్న పురుగు, కాళ్లు ముందుకు పెట్టకుండానే, వెనక్కి జారుతూ బయటికి రావడం కనిపించవచ్చు. గుడ్డు లేదు, నేరుగా పిల్లే. మగపురుగు అవసరం కూడా లేదు. దీన్ని 1740లో షార్ల్ బొన్నె అనే ప్రకృతి శాస్త్రవేత్త చూపించాడు. అప్పుడే పుట్టిన ఒక పేనుబంక పురుగును వేరుగా ఉంచి పెంచితే, మగదాని జత లేకుండానే అది పిల్లల్ని పెట్టింది. దీన్నే అనిషేక జననం అంటారు.

ఆ చిగురు మీద చీమలు కూడా తిరుగుతుంటాయి. పేనుబంక పీల్చే పోషక రసంలో చక్కెర ఎక్కువ, ప్రోటీన్ల తయారీకి కావలసిన అమైనో ఆమ్లాలు తక్కువ. కావలసిన అమైనో ఆమ్లాలను దాని కణాల్లో కాపురముండే బుక్నెరా అనే బాక్టీరియా తయారుచేసి ఇస్తుంది. మిగిలిన చక్కెర తేనెబంకలా బయటికి వచ్చేస్తుంది. చీమ తన స్పర్శశృంగాలతో, అంటే తల మీది మీసాలతో, పురుగును తట్టడం, ఆ వెనుక భాగంలో ఒక చుక్క మెరవడం, చీమ దాన్ని తాగడం మీరే చూడవచ్చు.

అదే కొమ్మ మీద నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో ఒక పురుగు పాకుతుంటే దయచేసి చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల అయి ఉండవచ్చు. అది పేనుబంకను తింటుంది. తల్లి పోలిక ఒక్కటీ ఉండదు, కదలకుండా రూపం మార్చుకునే ప్యూపా దశ దాటితేగాని ఆ రూపం రాదు. పేనుబంక పిల్లేమో పుట్టగానే చిన్న సైజు తల్లిలాగే ఉంటుంది. సంపూర్ణ రూపవిక్రియ, అసంపూర్ణ రూపవిక్రియ రెండూ ఒకే చిగురు మీద, ఒకటి రెండోదాన్ని తింటూ!

తేనెబంక కోసం చీమలు పేనుబంకను అక్షింతల పురుగుల్లాంటి శత్రువుల నుంచి కాపలా కాస్తాయంటారు. నిజంగా కాస్తున్నాయా? తాగుతున్నట్టు చూశాం, కాస్తున్నట్టు ఇంకా చూడలేదు. తేల్చుకోవాలంటే దాదాపు ఒకేలా పురుగు పట్టిన రెండు కొమ్మలు ఎంచుకోండి. ఒకదాని మొదట్లో టేపు చుట్టి, టేపు మీద గ్రీజు రాయండి. బెరడుకు మాత్రం తగలనివ్వకండి. పైనున్న చీమల్ని దులిపేయండి. రెండో కొమ్మకు గ్రీజు లేకుండా టేపు మాత్రమే చుట్టండి, లేకపోతే తేడా వచ్చినా అది టేపు వల్లో చీమలు లేకపోవడం వల్లో తెలియదు. గ్రీజు రాసిన కొమ్మ పక్క ఆకులకో గోడకో ఆనుతుంటే చీమలు అటునుంచి ఎక్కేస్తాయి, అదీ చూసుకోండి. రోజూ ఒకే వేళకు పేనుబంకను, చీమల్ని, అక్షింతల పురుగుల్ని లెక్కపెట్టి తేదీ వేసి రాయండి. వాన పడిన రోజు ఆ సంగతి కూడా రాయండి, ఎందుకంటే గట్టి వానకు పేనుబంక కొట్టుకుపోతుంది. రెండు కొమ్మల మధ్య తేడా ఏమీ రాకపోతే, రాలేదనే రాయండి.