సినిమాలు వచ్చాక కూడా నాటకం: నసీరుద్దీన్ షా గురించి

అందరికీ నమస్కారం. ఇక్కడ నాటకాలు వేస్తున్న పిల్లలు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఇవాళ ఒక్క నటుడి గురించే మాట్లాడతాను. నసీరుద్దీన్ షా. మీలో చాలామంది ఆయన్ని ‘ఎ వెడ్‌నెస్‌డే’లోనో ‘ది డర్టీ పిక్చర్’లోనో చూసుంటారు, మా తరానికైతే 1988లో దూరదర్శన్‌లో వచ్చిన గుల్జార్ గారి ‘మీర్జా గాలిబ్’తో మనసులో నిలిచిపోయిన మనిషి. అవార్డుల లిస్టు మీ ఫోన్‌లోనే దొరుకుతుంది, అది వదిలేద్దాం. ఆయన ఎలా నేర్చుకున్నారు, నేర్చుకున్నదాన్ని ఎక్కడెక్కడ వాడారు, అదే నాకు ముఖ్యం.

నసీర్ నైనిటాల్‌లో స్కూల్లో చదివే రోజుల్లో జెఫ్రీ కెండల్ అనే ఇంగ్లిష్ నటుడు తన ట్రూపుతో ఊరూరా, బడిబడికీ తిరుగుతూ షేక్‌స్పియర్ నాటకాలు వేసేవారు. అది చూసిన కుర్రాడికి చదువు మీద కన్నా స్టేజీ మీద మనసు పడింది. తర్వాత అలీగఢ్‌లో డిగ్రీ, అక్కడి నుంచి ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా. అప్పుడు దానికి డైరెక్టర్ ఇబ్రహీం అల్కాజీ, లండన్‌లో రాడా అనే పేరున్న నటనా విద్యాలయంలో నేర్చుకొచ్చినాయన, క్రమశిక్షణ అంటే ప్రాణం. వేషం ఒక్కటీ వేసి వెళ్లిపోతానంటే అక్కడ కుదరదు. సెట్టు, లైట్లు, దుస్తులు, సంస్కృత నాటకం, గ్రీకు నాటకం, అన్నీ తెలియాలి.

ఆ బ్యాచ్‌లోనే ఓం పురీ ఉన్నారు. పంజాబ్ నుంచి వచ్చిన బిడియస్తుడు, ఇంగ్లిష్ రాదని లోలోపల కుమిలిపోయినవాడు. నసీర్‌కి కాన్వెంటు చదువు, ఇంగ్లిష్ మంచినీళ్లప్రాయం. మూడో ఏడు ‘ఇబారాగి’ అనే కబుకీ నాటకం, అంటే జపాన్ వాళ్ల సంప్రదాయ నాటకం, వేస్తే అందులో ప్రధాన పాత్ర ఓం పురీకి వచ్చింది. అది చూశాకే, ఓం ఎంత కష్టపడి ఎంత దూరం వెళ్లాడో, తాను వచ్చిన చోటే ఎలా ఉండిపోయానో తెలిసిందని నసీర్ తర్వాత స్వయంగా చెప్పుకున్నారు. నన్నడిగితే ఆ స్కూల్లో ఆయన నేర్చుకున్న అతి పెద్ద పాఠం అదే, అదీ ఒక తోటి విద్యార్థి దగ్గర. 1973లో బయటికొచ్చి వేషాల వేటలో పడకుండా, మళ్లీ విద్యార్థిగా పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

స్టేజీ మీద అంత నేర్చుకున్నవాడికి మళ్లీ ఈ చదువెందుకు అని అడగొచ్చు. మన పద్య నాటకం తీసుకోండి, మైకు లేని రోజుల్లో చివరి బల్ల మీద కూర్చున్న రైతుకి కూడా పద్యం వినపడాలి, అందుకని గొంతు, చెయ్యి, కన్ను అన్నీ పెద్దవి చేసుకుంటాం, అది తప్పు కాదు, ఆ కళకి అదే ప్రాణం. కానీ కెమెరా మూరెడు దూరంలో ఉన్నప్పుడు అదే గొంతు అరుపవుతుంది. దాన్ని తగ్గించాలి, లోపలున్న బలం మాత్రం తగ్గకూడదు. ఇది ఊరికే రాదు.

వచ్చిందని ఎలా తెలిసిందంటే, 1975లో శ్యాం బెనెగల్ గారి ‘నిశాంత్’ చూడండి. అది మన కథే, 1940లలో తెలంగాణ దొరతనం కథ. నలుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు విశ్వం, నసీర్ వేషం. పెద్దన్నగా అమ్రీష్ పురీ గదిలోకి వస్తేనే తెర నిండిపోతుంది. విశ్వం మాత్రం భయస్తుడు, అన్న ముందు నోరు పెగలదు, అయినా పంతులు గారి భార్య మీద ఆశ చావదు, ఆ ఆశే ఒక ఇంటినీ ఒక ఊరినీ తగలబెడుతుంది. మొదట్లోనే దొరికిన అంత పెద్ద అవకాశంలో, ఇంత ట్రైనింగు ఉన్న కుర్రాడు ‘నా సత్తా చూడండి’ అన్నట్టు ఒక్క చోట కూడా చెయ్యలేదు, భుజాలు ముడుచుకుని, మాట మింగేస్తూ, చూపు దించుకుంటూ చేశారు. పిరికివాడి చేతిలో ఎంత హాని ఉంటుందో నాకు ఆ వేషం చూశాకే అర్థమైంది. ‘స్పర్శ్’లో చూపులేని ప్రిన్సిపాల్‌కి జాతీయ అవార్డు, ‘పార్’లో పందుల మందని నది దాటించే కూలివాడికి 1984లో వెనిస్‌లో ఉత్తమ నటుడు, ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే. ‘త్రిదేవ్’ లాంటి కమర్షియల్ సినిమాల్లో డాన్సులూ చేశారు. అందులో నాకేం తప్పు కనిపించదు, నటుడికి ఇల్లు గడవాలి.

నాకు ఆయన మీద గౌరవం పెంచింది ఇంకోటి. 1979లో, అప్పటికే సినిమాలు వరసగా వస్తుండగా, పుణే స్నేహితులు బెంజమిన్ గిలానీ, టామ్ ఆల్టర్‌లతో కలిసి మోట్లీ అనే బృందం పేరుతో ముంబయి పృథ్వీ థియేటర్‌లో శామ్యూల్ బెకెట్ అనే ఐరిష్ రచయిత నాటకం ‘వెయిటింగ్ ఫర్ గోడో’ వేశారు. చిన్న హాలు, డబ్బులు రాని పని. ఆ బృందం దశాబ్దాల పాటు నాటకాలు వేస్తూ వచ్చింది. మన దగ్గర పరిషత్ నాటకాల నుంచి సినిమాకి వెళ్లిన గొప్ప నటులకి లోటు లేదు, కానీ వాళ్లలో ఎక్కువమంది మళ్లీ నాటకానికి వచ్చేది ముఖ్య అతిథిగా, శాలువా కప్పించుకోవడానికి. నాకిది నిజంగా బాధ. హాళ్ల అద్దెలు, రిహార్సల్ ఖర్చులు, టికెట్ కొనని జనం, ఈ ఇబ్బందులన్నీ నాకూ తెలుసు, అయినా ఏడాదికి ఒక్క నాటకం వేసేంత తీరిక కూడా లేదంటే నమ్మలేను.

మోట్లీ వాళ్లదే ‘ఇస్మత్ ఆపా కే నామ్’ అని ఒకటుంది. ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ కథలు, నాటకంగా మార్చకుండా, రచయిత్రి రాసింది రాసినట్టు, నసీర్, ఆయన భార్య రత్నా పాఠక్ షా, కూతురు హీబా, ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. ఒక్క మనిషి, ఒక గొంతు, అందులోంచే ముసలమ్మా, పెళ్లికూతురూ, నవాబూ వచ్చి వెళ్తుంటారు. వాళ్లు ఎప్పుడైనా హైదరాబాద్ వస్తే ముందు వరుస టికెట్ కొనకండి, చివర్లో కూర్చోండి. మెల్లగా అన్న మాటలో ఆఖరి అక్షరం కూడా మీ దాకా ఎలా వస్తోందో వినండి, మర్నాడు మీ రిహార్సల్‌లో మీ డైలాగ్ అలా చెప్పి చూడండి.

నేను చెప్పాలనుకున్నది ఇంతే, ఇక మీరు అడగండి.